అడిగి పెడదాం, వంతులు వేసుకుని పెడదాం

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు లేనివాళ్లకు భోజనం, దుప్పట్లు అందించే చిన్న చిన్న బృందాలంటే నాకు ఎంతో గౌరవం. ఒక వాట్సాప్ గ్రూపు, నలుగురి ఓపిక, అంతే వాళ్ల పెట్టుబడి. అయితే ఈ బృందాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం వల్ల చాలా శ్రమ వృథా అవుతోంది.

సెలవు రోజున ఒకే చోటికి మూడు బండ్లు వస్తాయి. మిగతా రోజుల్లో ఒక్కటీ రాదు. మిగిలిన పొట్లాలను రాత్రికని దాచుకుంటే అదో ప్రమాదం. వండిన ఆహారం బయటి వేడికి రెండు గంటలకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. మనకు విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో పడుకుంటాం. రోడ్డు పక్కన ఉండే మనిషి, అందులోనూ ఆడమనిషి, మరుగుదొడ్డి కోసం ఎక్కడికి పరుగెత్తాలి?

ఇచ్చే వస్తువుల సంగతీ అంతే. పొయ్యి లేనివాళ్లకు వండుకోవాల్సిన సరుకులు ఇస్తాం. మోయలేనంత మందపాటి దుప్పటి ఇస్తాం, ఒక్క వానకు తడిస్తే ఆరేసుకునే చోటుండదు. పొడి సాక్సులు, సబ్బు, శానిటరీ ప్యాడ్లు, పళ్లు లేనివాళ్లు కూడా తినగలిగే మెత్తటి ఆహారం కావాలని వాళ్లే చెబుతారు, కూర్చుని అడిగితే. బృందాలన్నీ కలిసి వారానికి ఒక పట్టిక వేసుకోవాలి. అది వేసేటప్పుడు వీధిలో బతుకుతున్నవాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి.

అధికారులు చేయాల్సిందీ ఉంది. అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నగరంలో 2014లో, బహిరంగ స్థలంలో అన్నం పెట్టినందుకు తొంభై ఏళ్ల ఆర్నాల్డ్ ఆబట్ మీద కేసు పెట్టారు. అదే నగరంలో పార్కులో భోజనం పంచే ‘ఫుడ్ నాట్ బాంబ్స్’ బృందం కోర్టుకు వెళితే, అలా పంచుకోవడం భావ ప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని 2018లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అన్నం పెట్టే హక్కు కోసం కోర్టు మెట్లెక్కాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది. ఫ్రాన్స్ 2016లో పెద్ద సూపర్‌మార్కెట్లు అమ్ముడుపోని మంచి ఆహారాన్ని పాడుచేయకుండా చట్టం తెచ్చింది. చట్టం తలుచుకుంటే ఇలా సాయంగానూ నిలబడగలదు.

శుభ్రత గురించి అధికారుల ఆందోళన నిజమే. దానికోసం పంపకాలు ఆపడం దేనికి? కుళాయి, మరుగుదొడ్డి, చెత్తడబ్బా, దీపం ఉన్న ఒక చోటు చూపించండి. ఫిర్యాదులు వచ్చినప్పుడు కేసు పెట్టే ముందు బృందాలను ఒక్కసారి పిలిచి మాట్లాడండి.

- ఒక పాఠకురాలు