చేపపిల్లలతో పాటు మేత మొక్కా ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో ఒక ఊరి చెరువుని వేలంపాటలో పాడుకుని చేపలు పెంచుకుంటున్నవాణ్ణి. విశాఖలో మత్స్యశాఖ అనగానే అందరికీ ఫిషింగ్ హార్బరు, మరపడవలు, ఎగుమతికి పోయే రొయ్యలు గుర్తొస్తాయి. సముద్రం ఉన్న ఊరు కాబట్టి అది సహజం. కానీ మా మండలంలోనూ, ఆనందపురం, భీమిలి, పెందుర్తి మండలాల్లోనూ వానకు నిండి వేసవికి అడుగంటే చెరువులూ, బందలనే చిన్న కుంటలూ ఉన్నాయి. వాటి మీద బతికేవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

వానలు పడి చెరువు నిండగానే బొచ్చె, శీలావతి, మోసు పిల్లల్ని వదులుతాం. వదిలే రోజున ఫొటోలు దిగేవాళ్లుంటారు, కొబ్బరికాయ కొట్టేవాళ్లుంటారు. మర్నాటి నుంచి ఆ పిల్లలకి మేత ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పేవాళ్లుండరు. తౌడు, వేరుశనగ చెక్క కొనాలంటే అప్పు చేయాలి. అప్పు పుట్టనివాళ్లు నాలుగు తట్టల పేడ వేసి దేవుడి మీద భారం వేస్తారు. నేనూ మూడేళ్లు అదే చేశాను. వేసవిలో వల లాగితే కిలో తూగాల్సిన శీలావతి పావుకిలో దగ్గరే ఆగిపోయి ఉండేది. తల పెద్దగా, ఒళ్లు సన్నగా ఉన్న ఆ చేపల్ని గట్టున పోసినప్పుడు కొనేవాడి ముఖం చూడలేకపోయేవాణ్ణి.

మా పక్క ఊళ్లో ఒక పాడి రైతు దొడ్డిలో సిల్పాలిన్ షీటు వేసిన గుంటలో అజొల్లా అనే నీటి మీద తేలే మొక్కని పెంచి గేదెలకు పెడుతుంటే చూశాను. ఒక తట్టెడు అడిగి తెచ్చుకున్నాను. అరచేతిలో వేసుకుంటే పొలుసుల్లాంటి చిన్న చిన్న ఆకులు, కింద వెంట్రుకల్లా వేలాడే వేళ్లు. ఆ ఆకు సందుల్లో అనబీనా అనే కంటికి కనబడని జీవి కాపురముండి, గాలిలో నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. అందుకే దీనికి యూరియా అక్కర్లేదు. కాస్త పేడ, కాస్త సూపర్ ఫాస్ఫేటు చాలు. అనువైన రోజుల్లో వారం తిరక్కుండా రెట్టింపవుతుంది. ఎండబెట్టి తూస్తే మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. తౌడులో సుమారు 12, 13 శాతమే.

మొదటి ఏడాది తెలియక దాన్ని నేరుగా చెరువులో చల్లేశాను. నెల తిరిగేసరికి చెరువంతా పచ్చటి దుప్పటి కప్పినట్టయింది. మా ఆవిడ చూసి మురిసిపోయింది. భాద్రపదంలో రెండ్రోజులు ముసురు పట్టింది. మూడోనాడు తెల్లవారుజామున వెళ్లి చూస్తే, ఆకుల మధ్య ఖాళీ దొరికిన చోటల్లా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటున్నాయి. ఆకు కప్పేస్తే నీళ్లలోకి వెలుగు దిగదు, గాలి కలవదు, ప్రాణవాయువు పడిపోతుంది. ఊళ్లోవాళ్లం నడుంలోతు నీళ్లలో దిగి గోనెపట్టాలతో ఆకంతా గట్టుకి లాగాం. అప్పటికే వందకు పైగా బొచ్చెలు పోయాయి. పక్కనే గుంట తవ్వి మేత అందులో పెంచాలని, చెరువులోకి రోజుకి సరిపడా మాత్రమే వేయాలని, అది కూడా వెదురు చట్రంలో వేయాలని నాకు ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. వచ్చే ఏడాది మరో రైతు ఇదే తప్పు చేయకూడదు.

ఇప్పుడు గట్టు కింద ఐదు సెంట్లలో, జానెడు లోతు నీళ్లలో మేత పెంచుతున్నాం. చూసేది మా ఆవిడ, ఆమె డ్వాక్రా సంఘం వాళ్లూ. చదరపు మీటరుకి రోజుకి పావుకిలో చొప్పున లెక్కేస్తే ఐదు సెంట్లకి 50 కిలోల పచ్చి మేత రావాలి. నిజానికి అంత రాదు. వేసవిలో తాటాకు పందిరి వేసినా ఎర్రబడి సగానికి పడిపోతుంది, వానాకాలంలో నత్తలు తింటాయి. పైగా పచ్చి ఆకులో వందకి 95 వంతులు నీళ్లే. కాబట్టి తౌడూ చెక్కా పూర్తిగా మానేయొచ్చని ఎవరైనా మీకు చెబితే నమ్మవద్దు. నా చెరువులో చెక్క ఖర్చు తగ్గింది, పోలేదు.

మేతకి తగ్గ చేప కూడా ఉండాలి. పచ్చి ఆకుని ఆబగా తినేది గడ్డి చేప. మన దేశానికి 1959లో తెచ్చిన చేప ఇది. వెచ్చటి నీళ్లలో రోజుకి తన బరువులో సగం, ఒక్కోసారి బరువంత ఆకు తింటుంది. అందులో చాలా భాగం అరక్కుండానే బయటికి వస్తుంది. ఆ ఎరువుతో నీళ్లలో తేలాడే సన్నటి జీవులు, అంటే ప్లవకాలు, పెరుగుతాయి, వాటిని బొచ్చె తింటుంది. అంటే వేసిన ఒక్క తట్ట ఇద్దరి కడుపు నింపుతుంది. పొద్దున్నే తట్ట దించిన చప్పుడుకే గడ్డి చేపలు చట్రం దగ్గరికి చేరతాయి. గేదె గడ్డి నమిలినట్టే చప్పుడు వినబడుతుంది.

మంత్రిగారూ, నా విన్నపం ఇది. ఊరి చెరువులకి చేపపిల్లలు ఇచ్చేటప్పుడు, ఎకరాకి వంద గడ్డి చేప పిల్లల్ని కలిపి, ప్రతి చెరువు పక్కనా ఐదు సెంట్ల మేత గుంట వేయించండి. తవ్వకం ఉపాధి హామీలో, నిర్వహణ మహిళా సంఘం చేతిలో పెట్టండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం, మిగతావాళ్లకి 40 శాతం రాయితీ ఉంది కదా, అది ఈ గుంటలకూ వర్తించేలా చూడండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో సీఫా అనే కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అజొల్లా లాగే నీటి మీద తేలే డక్‌వీడ్‌తో మురుగునీటిని శుభ్రం చేసి చేపలు పెంచే పద్ధతిని రూపొందించారు. విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే దూరం. మా మండలాల నుంచి పదిమంది ఆడవాళ్లని అక్కడికి పంపండి.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ మొక్కలు నీళ్లలో ఉన్న సీసం, కాడ్మియం లాంటివాటిని కూడా పీల్చుకుంటాయి. పరిశ్రమల నీరు కలిసే గెడ్డల్లో (వాగుల్లో) పెంచిన ఆకు చేపకి, చేప నుంచి మన బిడ్డలకి చేరుతుంది. కనుక ప్రతి గుంట నీటినీ పరీక్ష చేయించాకే అనుమతి ఇవ్వాలి. అలాగే కొండకర్ల ఆవ లాంటి సహజమైన నీటి మడుగుల్లో గడ్డి చేపని వదలనివ్వకండి. అక్కడి తామరా నాచూ పక్షులకి ఇల్లు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ మార్కెట్లో చెరువు చేపకి అడిగినంత ధర. మా చెరువులు అడుగంటి వల లాగేదీ అప్పుడే. కిలో చేప ఉంటే ఆ ధర మాది. పావుకిలో చేపకి ఏ రోజుల్లోనైనా బేరం ఉండదు.

వచ్చే వానలకి పిల్లలు వదిలేలోపు మా నాలుగు మండలాల్లో కనీసం పది గుంటలు వేయించండి. వాటికి కావాల్సిన అజొల్లా విత్తనం మా గుంట నుంచి ఊరికే ఇస్తాం. తట్టలు తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
ఒక చెరువు రైతు,
పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా