మన హైస్కూలు ఆటస్థలం: జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు, ఊరి పెద్దలకు నమస్కారం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు రోజూ ఆడుకునేలా బడి వెనక అర ఎకరం బాగు చేయిస్తామని చందాలు తీసుకున్నాం. లెక్క దసరాకే చెప్పాల్సింది, ఆలస్యమైంది. ఈలోపు టీ బంకు దగ్గర రకరకాల లెక్కలు తిరిగాయి. అసలు లెక్క ఇది.

జమ
పూర్వ విద్యార్థులు 62 మంది: 1,84,500
ఊళ్లో ఇంటింటి చందా: 71,300
మాస్టార్లు, టీచర్లు: 22,000
సంక్రాంతి కబడ్డీ పోటీల మిగులు: 9,200
మొత్తం: రూ. 2,87,000

పింఛను డబ్బులోంచి 500 ఇచ్చిన అవ్వ తన పేరు రాయొద్దంది, రాయడం లేదు. మీటింగులో మైకు పట్టుకుని పేర్లు చెప్పించుకున్న 11 మంది దగ్గర మాత్రం ఇంకా 46,000 రావాలి. వాళ్ల పేర్లూ రాయడం లేదు, ప్రస్తుతానికి.

ఖర్చు
తాడాటకు తాళ్లు 60: 7,200
వాలీబాల్ నెట్టు, బంతులు, ఖోఖో స్తంభాలు: 18,400
స్టాప్‌వాచీలు, టేపు, కోన్లు: 5,150
కూర్చుని ముందుకు వంగి వేళ్లు ఎంతదాకా అందుతాయో కొలిచే చెక్కపెట్టె (మన వడ్రంగే చేశాడు): 1,800
నీళ్ల ట్యాంకు, కుళాయిలు: 14,600
రసీదు పుస్తకాలు, సున్నం, టీలు: 3,450
ఆడపిల్లలకు రేకుల గది: 58,000

ఈ గది ఎందుకని అడిగారు. బట్టలు మార్చుకునే చోటు లేక ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు డ్రిల్లు పీరియడ్ అంతా వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. పీఈటీ మాస్టారు ముందు అడిగింది బంతులు కాదు, ఈ గదే.

ఇక అందరూ అడుగుతున్నది, నేల చదును: 1,55,100. ఒకే పని రెండుసార్లు చేయించారు, డబ్బు ఎటు పోయింది అని.

నిజమే, రెండుసార్లు చేయించాం. మేలో జేసీబీ 8 గంటలకు 9,600, గ్రావెల్ 40 ట్రక్కులకు 36,000 అయింది. జూన్‌లో బడి తెరిచేలోపు ముగించాలన్న హడావుడిలో నల్లరేగడి మీదే పైపైన పోయించాం. రేగడి వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పై మట్టిని నిలవనివ్వదు. ఇది ఊళ్లో ఏ రైతును అడిగినా చెప్పేవాడు. ఒకాయన చెప్పాడు కూడా, మేమే వినలేదు. ఆగస్టు 29న హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం నాడు ప్రారంభం అనుకున్నాం. ఆ రోజు పిల్లల చెప్పులు బురదలో ఊడిపోయాయి. వచ్చిన అతిథులు వరండాలోనే టీ తాగి వెళ్లారు.

వానలు తగ్గాక నవంబరులో మళ్లీ మొదలుపెట్టాం. అర అడుగు రేగడి తీయించడానికి జేసీబీ 10 గంటలు 12,000. నీళ్లు పోవడానికి రెండు వైపులా కాలువ 31,500. గ్రావెల్ 60 ట్రక్కులు 54,000. పొరపొరకూ నీళ్లు చల్లి తొక్కించిన రోలర్‌కు 12,000. రాళ్లు ఏరడానికి మాత్రం కూలి లేదు. రెండు ఆదివారాలు పదిహేను మంది కుర్రాళ్లు వచ్చి ఏరిపెట్టారు.

గ్రావెల్ తోలిన ట్రాక్టర్ మా సభ్యుడొకరి బావమరిదిదే, దాచడం లేదు. మిగతా ఇద్దరు ట్రక్కుకు 1,000, 1,050 అడిగారు, ఇతను 900కు తోలాడు. వంద ట్రక్కులకూ చీటీలు ఉన్నాయి. మొదటిసారి డబ్బు అతని దగ్గర వెనక్కి తీసుకోవచ్చుగా అంటున్నారు. మేం పోయమన్న చోట అతను పోశాడు. తప్పు మాది, అతనిది కాదు.

ఈ డబ్బుతో కబడ్డీ మ్యాట్ కొంటే జిల్లాకు ఆడేవాళ్లు కదా అన్నవాళ్లకూ ఒక మాట. జట్టులో ఉండేది 12 మంది, మూడు తరగతుల్లో పిల్లలు 143 మంది. ఈ వయసు పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన బడిలో వారానికి రెండు డ్రిల్లు పీరియడ్లు, పరీక్షలు దగ్గర పడితే అవీ లెక్కల పాఠానికే. జులైలో కాలువ గట్టు మీద 600 మీటర్ల పరుగు పెట్టిస్తే సగం మంది నడుచుకుంటూ వచ్చారు. వాళ్లలో ఎవరూ జట్టులోకి రారు, మ్యాట్ మీద కాలూ పెట్టరు. తాళ్లు, చదును నేల వాళ్ల కోసం. డిసెంబరు నుంచి బడి వదిలాక కూడా అరగంట ఆడిస్తున్నారు. ఆ అరగంటకు మాస్టారికి మనం ఒక్క రూపాయీ ఇవ్వడం లేదు.

మొత్తం ఖర్చు: రూ. 2,63,700
నిల్వ: రూ. 23,300, కమిటీ పేరున బ్యాంకులో ఉంది.

కంచె వేయాలంటే ఈ నిల్వ చాలదు, రావాల్సిన 46,000 కూడా కలవాలి. అప్పటిదాకా గేదెలను దయచేసి అటు తోలొద్దు. బిల్లులు, చీటీలు పంచాయతీ ఆఫీసులో ఉంచాం. ఆదివారం పొద్దున 10 నుంచి 12 దాకా ఎవరైనా వచ్చి చూడొచ్చు, కళ్లజోడు మర్చిపోకుండా. కొన్ని చీటీలు వానకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి.

ఇట్లు
ఆటస్థలం కమిటీ