ఎత్తకురా, జరుపు

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. పాత బ్యాండ్ సా (చక్రాల మీద తిరిగే పట్టీ రంపంతో చెక్క కోసే మెషిన్) దొరికిందని చదివి ఎంత సంబరపడ్డానో, చివర్లో నువ్వు రాసిన ముక్క చూసి అంత గాభరా పడ్డాను. "వంద కిలోలేగా, నేనూ తమ్ముడూ చెరో పక్క పట్టుకుంటే అయిపోతుంది" అంటావా? ఆ "ఏగా" అన్న మాటే నన్ను మంచాన పడేసింది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాని జోలికి వెళ్లకు.

నా నడుము సంగతి నీకు పైపైన చెప్పాను గానీ, అసలు ఎలా జరిగిందో సిగ్గేసి దాచాను. చెక్కని చిత్రిక పట్టే ప్లేనర్ మెషిన్ ఉంది కదా, బల్ల మీద పెట్టుకునే చిన్న రకం. చిన్నదే గానీ 40 కిలోలు ఉంటుంది. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని నేరుగా షెడ్లోకి వెళ్లాను. నేల మీదున్న మెషిన్‌ని వంగి పట్టుకున్నాను, లేపాను, బల్ల పక్కనే ఉంది కదా అని కాళ్లు కదపకుండా ఒళ్లు మాత్రం పక్కకి తిప్పాను. టక్కుమని చప్పుడేం రాలేదురా. నడుములో ఎవరో తడిగుడ్డ పిండినట్టు అనిపించింది, అంతే. మెషిన్‌ని ఎలాగో బల్ల అంచుకు చేర్చాను, నేను మాత్రం కిందకి జారిపోయాను. ఓ ముప్పావు గంట వెల్లకిలా పడుకుని బల్ల అడుగుభాగం చూస్తూ ఉన్నా. అక్కడ ఎండిపోయిన జిగురు చుక్కలు వేలాడుతున్నాయి. ఆరు నెలల నుంచీ వెతుకుతున్న పదో నంబర్ స్పానర్ అడ్డపట్టీ సందులో ఇరుక్కుని కనబడింది. చెయ్యి చాస్తే అందేంత దూరమే. చాచలేకపోయాను!

మంచం మీద ఉన్నన్నాళ్లూ పనేముంది, దీని గురించే చదివాను. అమెరికాలో నియోష్ అని ఉద్యోగుల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ ఉంది. బరువులు ఎత్తడానికి వాళ్లు 1991లో సవరించిన లెక్క ఒకటుంది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, ఎదురుగా ఉంటే, వాళ్లు సరేననేది 23 కిలోలకే. అక్కడి నుంచి అన్నీ కోతలే. చీలమండల నుంచి చేతుల దాకా దూరం 25 సెంటీమీటర్లు ఉంటే కోత లేదు. 50 అయితే సగానికి సగం పోతుంది. నేల నుంచి లేపితే ఇంకొంత, ఒళ్లు పక్కకి తిప్పితే మరికొంత. నా ప్లేనర్ వెడల్పు, నా తిరుగుడూ అన్నీ అందులో వేసి చూసుకుంటే ఎంత వచ్చిందో తెలుసా? సుమారు ఆరు కిలోలు. నేనెత్తింది నలభై.

అప్పటిదాకా నేను మెషిన్ బరువు గురించే ఆలోచించేవాణ్ణి. ఎంత దూరంలో పట్టుకున్నాం, ఎటు తిరిగాం అన్నది అంత తేడా తెస్తుందని ఎప్పుడూ తట్టలేదు. పొద్దున్నే లేచి చెయ్యడం ఇంకో తప్పు. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని బిగుసుగా ఉంటాయట, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఇకపోతే నడుముకి బెల్టు. నువ్వు కొంటానన్నావు కదా, వద్దు. దెబ్బ తగలనివాళ్లకి అది రక్షణ ఇస్తుందనడానికి ఆధారం లేదని 1994లో అదే సంస్థ తేల్చింది. పైగా బెల్టు కట్టుకుంటే మనకి లేనిపోని ధైర్యం వస్తుంది.

సరే, నీ బ్యాండ్ సా దగ్గరికొద్దాం. దానితో చిక్కు వందకిలోలు కాదు, తల బరువు. పోత ఇనుము చట్రం, పై చక్రం అంతా పైనే ఉంటాయి, కింద స్టాండ్ చూస్తే ఇంతే. ఫ్రిజ్‌ని జరిపినట్టు ఈ మూల ఆ మూల ఊపుకుంటూ నడిపిస్తే ఎటు ఒరుగుతుందో తెలీదు. ముందు ప్లగ్ తీసెయ్, బ్లేడు టెన్షన్ వదిలి బ్లేడు విప్పెయ్. తరవాత టేబుల్ విప్పు. అది కూడా పోత ఇనుమే, ఒక్కటే ఒక మోపు. పైగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి తలుపులో తగిలేదీ అదే. మోటారు స్టాండులో ఉంటే దాన్ని కూడా దించెయ్. ఏదీ ఎత్తక్కర్లేకుండా సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఇంకో మాట. టేబుల్ని గానీ, చక్రం తిప్పే పిడిని గానీ, బ్లేడు పక్కలకి పోకుండా ఆపే గైడ్లని గానీ పట్టుకుని లేపకు. పట్టుకోవడానికి వీలుగా కనపడేవన్నీ సాధారణంగా పట్టుకోకూడనివే. చట్రాన్నే పట్టుకోవాలి.

గుమ్మం నుంచి గదిలోకి ఎత్తుకుని నడవాల్సిన పనే లేదు. నేల చదునుగా ఉంటే కింద వేసి దొర్లించడానికి అంగుళం లావు పైపు ముక్కలు మూడు చాలు. పైపులు దూర్చేందుకు అంచు లేపాలి కదా, దానికి ఐదడుగుల గడ్డపార తీసుకో. మొన నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర కింద గట్టి చెక్క ముక్క పెట్టు. నీ చేతి వైపు ఇంకా 125 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే ఒకటికి ఐదు. ఒక అంచు లేపుతున్నావు కాబట్టి మోయాల్సింది వందలో సగం, యాభై. దాన్ని ఐదుతో భాగించు, పది కిలోలు నొక్కితే లేస్తుంది! మొదటిసారి చూసినప్పుడు నాకు మోసంలా అనిపించింది. వేలితో నొక్కినంత పనికే అంత ఇనుము అంగుళం పైకి లేచి నిలబడింది.

లేచిన ప్రతి అంగుళానికీ కింద చెక్క తోసెయ్. పైపు తోసేటప్పుడు కూడా వేళ్లు కిందకి పోనివ్వకు, ఇంకో పుల్లతో తొయ్యి. దించేటప్పుడూ అంతే, ముందు ఒక అంచు చెక్క మీద ఆనాలి, ఆ తరవాతే చెయ్యి తియ్యాలి. నా కుడి ఉంగరపు వేలి గోరు నల్లబడి ఊడిన కథ ఇంకెప్పుడైనా చెప్తా.

స్టాండ్ నుంచి విడదీసిన తలని, అంటే చట్రం, చక్రాలున్న పై భాగాన్ని, మళ్లీ దాని మీదకి ఎక్కించడం అన్నిటికంటే ప్రమాదం. గాల్లోకి లేపి బోల్టు రంధ్రాలు కుదిరేదాకా ఇద్దరూ పట్టుకుని నిలబడాలి, ఆ రంధ్రాలు ఎప్పుడూ ఒకేసారి కుదరవు. నేనైతే ఇలా చేస్తా: స్టాండ్‌ని నేల మీద పడుకోబెట్టి, తలని కూడా పడుకోబెట్టి, కింద దుప్పటి వేసి, పడుకున్నట్టే బోల్టులు బిగించేస్తా. అప్పుడు మొత్తాన్ని నిచ్చెన లేపినట్టు లేపడమే. లేపడం మొదలుపెట్టినప్పుడు కొంత బరువు నేలే మోస్తుంది, లేచేకొద్దీ చేతుల మీద ఇంకా తగ్గుతుంది. ఒకడు స్టాండ్ అడుగు జారకుండా కాలు అడ్డం పెట్టాలి. నిలువుగా వచ్చే ఆఖరి క్షణంలో జాగ్రత్త, ఆ ఊపులో అటువైపు పడిపోగలదు.

చైన్ కప్పీ తెచ్చి ఫ్యాను కొక్కేనికి వేలాడదీద్దామన్నావు. ఆ ఆలోచన మానుకో. ఆ కొక్కెం ఫ్యాను కోసం పెట్టింది, పైన ఏం పట్టుకుని ఉందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇంకో తిరకాసు చూడు. మెషిన్‌ని రెండు తాళ్లతో వేలాడదీస్తే, అవి నిటారుగా ఉన్నప్పుడు చెరో యాభై కిలోలు మోస్తాయి. అవే తాళ్లు వాలిపోయి అడ్డగీతకి 30 డిగ్రీల కోణంలోకి వస్తే ఒక్కోటీ వంద మోయాలి. బరువు మారలేదు, తాడు మీద లాగుడు మాత్రం రెట్టింపయింది.

తమ్ముడికి ముందే చెప్పు, ఆజ్ఞ ఒక్కడిదే. "ఒకటి, రెండు, మూడు" అంటే మూడు అంటుండగా లేపాలా, అన్నాక లేపాలా? నాకూ, నాతో మోస్తున్నవాడికీ ఈ తగాదా లేథ్ (తరిమెన మెషిన్) చేతుల్లో ఉండగా వచ్చింది. ఇప్పుడు "హైలెస్సా" అంటాం, "సా" దగ్గర లేపుతాం. నువ్వు నవ్వినా సరే, ఇందులో పొరపాటుకి చోటు లేదు. జారితే ఎవడూ పట్టుకోవాలని చూడొద్దు, వదిలేసి వెనక్కి దూకడమే. ఇనుము విరిగితే అతికించుకోవచ్చు. అందుకే నడిచే దారిలో రంపపు పొట్టు ముందే ఊడ్చెయ్. చెప్పులు వద్దు, ముందు భాగం గట్టిగా ఉండే బూట్లు వేసుకోండి. మోసేటప్పుడు గ్లవుజులు మంచివే, మెషిన్ ఆన్ చేసేటప్పుడు మాత్రం తీసెయ్యాలి.

పైపు ముక్కలు, గడ్డపార నా దగ్గరున్నాయి, ఆదివారం తెస్తా. అప్పటిదాకా దాని మీద ఓ గుడ్డ కప్పి ఉంచు. ఈలోగా తలుపు వెడల్పు కొలిచి రాయి, మెషిన్ వెడల్పు కూడా. టేబుల్ విప్పాక కొలువు, విప్పకముందు కాదు. పదో నంబర్ స్పానర్ వెతుక్కోవద్దు, నాది ఇప్పుడు చేతికందింది, దాన్నే జేబులో వేసుకొస్తా.

నీ
వేణు