పైన్ చెట్లను లెక్కిస్తే చాలదు, నేలనూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

కొడైకెనాల్ పైన్ వనం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చెట్ల ఎత్తు, పొగమంచు, సినిమా షూటింగులు అన్నీ రాశారు. ఆ చెట్ల కింది నేల గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని కనుక ఈ లోటు నన్ను బాధించింది.

కిందటి ఏడాది మా విద్యార్థులతో అక్కడికి వెళ్లాను. రాలిన సూదుల్లాంటి ఆకులను ఒకచోట పక్కకు తోసి, నల్లమట్టిని వేళ్లతో మెల్లగా విప్పాం. అగ్గిపుల్ల తలకన్నా చిన్నవైన పొట్టి వేళ్లు కనిపించాయి. కొసన రెండుగా చీలి, తెల్లని తొడుగు వేసుకున్నట్లున్నాయి. ఆ తొడుగు నుంచి దారాలు మట్టిలోకి పాకిపోతున్నాయి. ఆ తొడుగే శిలీంధ్రం. చెట్టు దానికి చక్కెర ఇస్తుంది, అది చెట్టుకు నీరు, భాస్వరం, నత్రజని తెచ్చిపెడుతుంది. ఈ జంటకు 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టాడు. ఒక విద్యార్థిని ఆ వేరును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. తర్వాత మట్టిని ఎలా ఉన్నదాన్ని అలా కప్పేసి వచ్చాం.

పైన్ మన దక్షిణాది కొండల చెట్టు కాదు. కొడైకెనాల్‌లో 1906లో బ్రయంట్ అనే అధికారి ఈ తోటలకు శ్రీకారం చుట్టాడు. శిలీంధ్రం తోడు లేకుండా పైన్ నారు బతకదు. పోర్టోరికోలో ఏళ్ల తరబడి నాటిన పైన్ మొక్కలు పసుపెక్కి చచ్చిపోతూ వచ్చాయి. 1950లలో ఉత్తర కరోలినా పైన్ అడవుల మట్టి తెచ్చి కలిపాకే అవి ఎదిగాయి. మన కొండల మీదికీ అంతే, చెట్టుతో పాటు దాని శిలీంధ్రాలూ వచ్చాయి. నీలగిరుల్లో పాట్యులా పైన్ వేళ్ల మీద అమానిటా మస్కారియా, సూయిల్లస్, లక్కారియా, థెలిఫోరా అనే శిలీంధ్రాలు ఉన్నట్లు మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలోనే వివరంగా వర్ణించారు. ఎర్రటి గొడుగు మీద తెల్లచుక్కలతో పర్యాటకులు ఫొటో తీసుకునే ఆ పుట్టగొడుగు అమానిటాయే.

తోట వయసు పెరిగేకొద్దీ ఈ శిలీంధ్రాల పొత్తు మారుతుంది. లేత తోటలో గాలికి ఎగిరొచ్చి, సిద్ధబీజాల (శిలీంధ్రానికి విత్తనాల్లాంటి సన్నని రేణువుల) నుంచే వేరును పట్టేసుకోగల కొద్ది రకాలు ముందు స్థిరపడతాయి. కొమ్మలు కలిసి నీడ ముదిరి, ఆకు మందంగా పేరుకున్నాక, నత్రజని ఆ కుళ్లులో బందీ అవుతుంది. అప్పుడు దూరం దాకా తాళ్లలాంటి తంతువులు పంపగల రకాలూ, కుళ్లును విడగొట్టే ఎంజైములున్న రకాలూ వస్తాయి. స్వదేశంలో పైన్‌కు ముదిరిన వయసులో రుస్సులా, కార్టినేరియస్ లాంటి శిలీంధ్రాలు డజన్లకొద్దీ తోడవుతాయి. పరాయి నేల మీద నాటిన తోటకు ఆ చుట్టాలందరూ రారు. ఈక్వడార్ కొండగడ్డి నేలల్లో నాటిన రేడియాటా పైన్ తోటల్లో సూయిల్లస్ లూటియస్ ఒక్కటే రాజ్యమేలింది. అక్కడ 20 ఏళ్లు కూడా నిండకుండానే నేలలోని కర్బనం 30 శాతం దాకా తరిగిందని 2001లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. చెట్లు నాటితే నేల బాగుపడుతుందని గుడ్డిగా నమ్మే మనకు ఇది మింగుడుపడని మాటే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, కొడైకెనాల్ ఉన్న పళని కొండల్లో నాలుగు దశాబ్దాల్లో మూడింట రెండు వంతుల గడ్డిమైదానాలు పోయాయి. దానికి తోటల పెంపకం ఒక ప్రధాన కారణం. విదేశీ దురాక్రమణ మొక్కలను తొలగించి సహజ ఆవరణాన్ని పునరుద్ధరించేందుకు తమిళనాడు ప్రభుత్వం 2022లో ఒక విధానం తెచ్చింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే పైన్ వంతు వచ్చినప్పుడు రంపంతోనే పని అయిపోతుందనుకుంటే పొరపాటు. చెట్టు పడగానే చక్కెర ఆగి వేరు తొడుగు శిలీంధ్రాలు క్షీణిస్తాయి, కుళ్లబెట్టేవి విజృంభిస్తాయి. తొడుగు శిలీంధ్రాల సిద్ధబీజాలు మాత్రం మట్టిలో పడి ఉంటాయి. కాలిఫోర్నియాలో పాతిపెట్టి చూసిన రైజోపోగన్ అనే పైన్ శిలీంధ్రపు సిద్ధబీజాలు నాలుగేళ్ల తర్వాత మొదటికన్నా ఎక్కువగా వేళ్లను పట్టాయి. పక్క తోట నుంచి ఒక్క పైన్ విత్తనం ఎగిరొచ్చి పడినా దానికి కావలసిన తోడు నేలలో సిద్ధంగా ఉంటుందన్నమాట. ఇటు మన గడ్డికి, చాలా షోలా (ఈ కొండల సహజ అడవి) చెట్లకు కావలసింది వేరే తరహా శిలీంధ్రం, వేరు కణాల లోపలికి చొచ్చుకుపోయేది. దశాబ్దాల పైన్ నీడ తర్వాత అది ఆ నేలలో ఎంత మిగిలిందో చూడకుండా గడ్డి నాటితే ఖర్చు దండగ అవుతుంది.

అందుకని నా విన్నపం. పదేళ్ల తోట, ముప్పై ఏళ్ల తోట, పాత తోట అని వయసుల వారీగా మట్టి నమూనాలు తీయించాలి, అదీ నరకడానికి ముందే. కొండంతా ఒక్కసారి బోడి చేయకుండా ముక్కలుగా తొలగించాలి. మన జామాయిల్ తోటల వేళ్లకూ ఇలాంటి తొడుగు శిలీంధ్రాలు పడతాయి కనుక వాటిని తీసి వేరే చెట్లు వేసేటప్పుడు మన అటవీ అధికారులూ ఈ పద్ధతి పాటించవచ్చు. మీ విలేఖరి మళ్లీ కొడైకెనాల్ వెళితే, నరికిన ఐదేళ్ల తర్వాత పైన్ నారును పీకే కూలీల జీతానికి డబ్బు ఏ పద్దులో పెట్టారో అధికారులను అడిగి రాయండి.

— ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, కర్నూలు