అది చీమ కాదు, కందిరీగ

సంపాదకులకు,

ఎర్రని నూగుతో మెరిసే పురుగు ఫొటో వేసి, మీ పత్రికలో దాన్ని "అరుదైన ఎర్ర చీమ" అన్నారు. ముప్పై ఏళ్లుగా కీటకాల పాఠం చెబుతున్న నేను ఊరుకోలేకపోయాను. అది మఖమల్ చీమ. పేరులో చీమ ఉన్నా, అది మ్యుటిల్లిడే కుటుంబానికి చెందిన కందిరీగ. ఆడదానికి రెక్కలుండవు, అందుకే ఈ పొరపాటు. ఆరుద్ర పురుగుతోనూ దీన్ని కలపకండి. దానికి ఎనిమిది కాళ్లు, దీనికి ఆరే.

భూతద్దం కింద పెడితే తేడా తెలిసిపోతుంది. చీమ నడుములో కనిపించే నిటారు బుడిపె దీనికి ఉండదు. పొట్ట పక్కన సన్నని నూగు గీత ఉంటుంది. పట్టుకుంటే కీచుమంటుంది. నా విద్యార్థిని ఒకమ్మాయి ఆ శబ్దానికి బెదిరి పట్టకారు వదిలేసింది. ఒక విధంగా మంచిదే, ఎందుకంటే కుడితే నొప్పి భరించలేం. కుట్టేది ఆడదే. మగదానికి రెక్కలుంటాయి కానీ కొండి ఉండదు.

జాతి తేల్చడం మాత్రం కష్టం. ఆడ, మగ ఎంత వేరుగా ఉంటాయంటే, ఒకే జాతిని రెండుగా లెక్కించి రెండు పేర్లు పెట్టిన సందర్భాలున్నాయి. రంగును నమ్మలేం, వేర్వేరు జాతులు ఒకే రంగులు ధరిస్తాయి. ఆడదాని పొట్ట చివరి ఫలకం మీది గీతలు, తల వెడల్పు, చర్మం మీది గుంటలు చూడాలి. ఒక్క ఫొటోతో ఇవేవీ తెలియవు. దయచేసి సవరణ వేయండి.

— ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు