శాలువాల ఖర్చు ఏ పద్దులో రాస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం వస్తోందంటే మా విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులకు టెన్షన్ మొదలు. ర్యాలీకి ఏ బడి నుంచి ఎంతమంది పిల్లలు రావాలి, షామియానా ఎవరు వేయించాలి, శాలువాలు ఎవరు తేవాలి, అన్నీ ఫోన్ల మీదే తేలిపోతాయి. కాగితం ఉండదు. నేనూ ఆ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణే. టిఫిన్ పొట్లాల కోసం దుకాణాల చుట్టూ తిరిగి చందాలు అడిగిన రోజులున్నాయి. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డ పిల్లాడికి దక్కేది ఓ అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్. ఫ్లెక్సీల బిల్లు ఎవరు కట్టారంటే చెప్పే నాథుడు లేడు.

ఆటగాళ్లకిచ్చే నజరానాలతో నాకు పేచీ లేదు. 2025లో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులోని కడప అమ్మాయి శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇవ్వాల్సిందే. ఎంత ఇచ్చారో, ఎవరికిచ్చారో అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఈ వేదికల మీద, ర్యాలీల మీద పోయే డబ్బే. ఇందులో ఏ పార్టీ తక్కువ తినలేదు. 2023 డిసెంబరు 26న మొదలై ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన ‘ఆడుదాం ఆంధ్రా’ అనే ప్రభుత్వ క్రీడా పోటీల మీద, ప్రభుత్వం మారాక విజిలెన్స్ విచారణ వేశారు. ఆటలు జరుగుతున్నప్పుడే లెక్క బయటపెట్టి ఉంటే అంతదాకా వచ్చేదా?

ఇది డబ్బు పొంగిపొర్లే ప్రాంతం కాదు. నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకు తాళం పడిన ప్రతిసారీ ఎన్ని ఇళ్లలో పొయ్యి కష్టమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి అయ్యీ అవగానే హైదరాబాద్, విజయవాడ, చెన్నై వైపు మూటాముల్లెతో బయల్దేరే జనం శ్రీకాకుళంలోనూ ఇక్కడా ఏటా కనిపిస్తూనే ఉన్నారు.

అయినా ఇలాంటి ఇళ్ల నుంచే పతకాలు వచ్చాయి. నెల్లిమర్ల పక్కనున్న కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ అయింది.

ఆ ఆటకు కావలసింది ముందు మంచి రాడ్డు. ఆడపిల్లలకు 15 కిలోలది, మగపిల్లలకు 20 కిలోలది. పట్టు జారకుండా దాని మీద గరుకు గీతలుంటాయి. ప్లేట్లు ఎక్కించే చివర్లు బేరింగుల మీద తిరుగుతాయి. అవి తుప్పు పట్టి బిగుసుకుపోతే, స్నాచ్‌లో, అంటే ఒకే ఊపున ఎత్తే లిఫ్టులో, బరువు తల మీదికి లేచేటప్పుడు ఆ మెలిక నేరుగా మణికట్టు మీద పడుతుంది. పదిహేనేళ్ల పిల్ల చెయ్యి అది. అలాంటి రాడ్డు మార్చమంటే ఇండెంట్ పెట్టండి, టెండరు పిలవాలి, ఈ ఏడు బడ్జెట్ లేదు అంటారు. అదే స్వాగత ర్యాలీకైతే సాయంత్రానికల్లా డీజే దిగుతుంది!

సంబరం చూసి పిల్లలు ఆటల్లోకి వస్తారని కొందరు అంటారు. వస్తారు, కాదనను. వచ్చిన పిల్లకి రోజూ రెండు గుడ్లు, గ్లాసుడు పాలు పెట్టగలిగితే కదా నిలబడేది.

కలెక్టర్లను నేను కోరేది ఇంతే. క్రీడల పేరుతో ఏ సభ జరిగినా వారం లోపు దాని ఖర్చు, ఏ పద్దు నుంచి తీశారో సహా, జిల్లా క్రీడాప్రాధికార సంస్థ నోటీసు బోర్డు మీద పెట్టించండి. పక్కనే ఆ ఏడాది పరికరాలకు, కోచ్‌ల జీతాలకు పెట్టిన మొత్తం కూడా రాయించండి. దుకాణదారుల దగ్గర చందాలు వసూలు చేయొద్దని ఉత్తర్వు ఇవ్వండి. బడి ఉన్న రోజున పిల్లలను జనం నింపడానికి తోలుకురావడం ఆపించండి.

ఇట్లు,
రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం