కొండవాలు పేటల వాటా ముందే తీసిపెట్టాలి

విశాఖలో బడ్జెట్ చర్చ ఎప్పుడూ బీచ్ రోడ్డు దగ్గరే ఆగిపోతోంది, కొండవాలు పేటల దాకా ఎక్కడం లేదు. ఆరిలోవ వైపు కొండమీది ఇళ్లకు ఆడవాళ్లు ఇప్పటికీ బిందెలు మోసుకుంటూ నిట్టనిలువు మెట్లు ఎక్కుతున్నారు. వాన గట్టిగా పడితే, రక్షణ గోడ లేని చోట బండలు జారతాయేమోనని రాత్రంతా టెన్షన్. కింద డివైడర్లకు మాత్రం కొత్త రంగులు! కోత కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయొద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, వాటిని పేదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని బైబిల్‌లోని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. అంటే పేదవాడి వాటా కోతకు ముందే ఖాయం, యజమాని దయతో పనిలేదు. చర్చిల్లో మేం పంచే బియ్యం, దుప్పట్లు ఆ వాటాకు బదులు కావు. మన రాష్ట్రంలో 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం కూడా జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించమంటోంది. అదే పద్ధతిలో కొండవాలు పేటల మంచినీరు, మెట్లు, రక్షణ గోడలకు నగర బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టాలి. సవరించిన అంచనాల పేరుతో దాన్ని వేరే పనులకు మళ్లించకూడదు. ఖర్చు లెక్క మూడు నెలలకోసారి వార్డు సచివాలయం గోడకు అంటించాలి.

– ఒక పాఠకుడు, కంచరపాలెం, విశాఖపట్నం